ఎండిన కొలను ఊఁ కొడుతుంది

ఆ ఈతకొలను పక్కన నిలబడి రాత్రిపూట ఎవరూ మాట్లాడకూడదట.

మాట్లాడితే ఏమవుతుందంటే... ఏమీ కాదు. ఎవరూ మెడ పిసకరు, ఎవరూ నీళ్ళలోకి లాగరు. అసలందులో నీళ్ళే లేవు. ఎప్పుడో పగుళ్ళిచ్చి, బాగుచేయించే నాథుడు లేక వదిలేసిన కొలను. అడుగున ఎండుటాకులు, పెచ్చులూడిన నీలం పలకలు, ఒక పక్కకి ఒరిగిన ఇనుప నిచ్చెన. అంతే.

కాకపోతే — మీరు మాట్లాడుతుంటే, కిందనుంచి ఎవరో ఊఁ కొడతారు.

చిన్నప్పుడు కథ వింటూ మనం కొట్టేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. మీరో మాట అని ఆగితే... ఊఁ. ఇంకో మాట అంటే... ఊఁ. ఆపేస్తే అదీ ఆగిపోతుంది. మీరు మళ్ళీ మొదలుపెట్టేదాకా ఎదురుచూస్తున్నట్టు.

ఇది నాకు చెప్పింది మా పెద్దమ్మ కూతురు. అక్క గోరంతని కొండంత చేసే మనిషి కాదు. కొండ మీద పడ్డా "ఆఁ, ఏముందిలే" అని దులుపుకుని పోయే రకం. అలాంటిది గొంతు తగ్గించి, మధ్యమధ్య తలుపు వైపు చూస్తూ చెప్పింది కాబట్టి నమ్మాను. తను చెప్పినట్టే చెబుతాను.

అక్క అప్పుడు డిగ్రీ చదువుతోంది. వేసవి సెలవుల్లో పిల్లల కథల శిబిరం ఒకటి జరుగుతోంది, పనికి కాలేజీ వాళ్ళని తీసుకుంటున్నారు అని తెలిసి, తనూ తన క్లాసు స్నేహితురాలూ పెట్టె సర్దుకుని వెళ్ళారు. ఆ స్నేహితురాల్ని కాలేజీలో అందరూ 'మైకు' అనే పిలిచేవాళ్ళు. చెవిలో రహస్యం చెప్పినా వరండా చివర నిలబడ్డవాడు "అవునా!" అనేంత గొంతు.

సెలవులకి ఖాళీ అయిన హాస్టలు స్కూలు అది. గుట్ట వాలు మీద ఉంటుంది. పైన తరగతి గదులు, పిల్లలు పడుకునే గదులు. కొంచెం దిగితే ఆ కొలను. ఇంకా కిందికి, వాలు చివర, వంటశాల.

వీళ్ళిద్దరూ ఏమనుకుని వెళ్ళారు? పెద్ద పెద్ద రచయితలొస్తారు, చెట్ల కింద కూర్చుని మాట్లాడతారు, మనకీ నాలుగు ముక్కలు వంటబడతాయి అనుకున్నారు. తీరా చూస్తే రచయితలు వచ్చి, కాసేపు మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా పొద్దంతా పిల్లలు వీళ్ళ నెత్తినే. పళ్ళు తోమించాలి. పోయిన చెప్పు వెతకాలి. పెన్సిళ్ళు చెక్కాలి. "మా రాక్షసుడు ఎంత పొడిచినా చావట్లేదు టీచర్" అని ఏడ్చేవాణ్ణి ఓదార్చాలి. సాయంత్రం హాల్లో ఒక్కొక్కరూ తమ కథ చదువుతుంటే ఆవులింత మింగి చప్పట్లు కొట్టాలి. పిల్లలు పడుకున్నాక ఆ కాగితాలన్నీ పేర్చి, సూదీ దారంతో చిన్నచిన్న పుస్తకాలుగా కుట్టాలి.

"సాహిత్య సేవంటే సూదితో వేలు పొడుచుకోవడమని అక్కడే తెలిసిందే," అనేది అక్క.

శిబిరం నడిపేది ఒక రిటైరైన టీచరు. అందరూ పెద్ద మేడమ్ అనేవాళ్ళు. వెళ్ళిన సాయంత్రమే పనివాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పిందట — "పిల్లలు కొలను వైపు పోకూడదు. మీరు కూడా చీకటి పడ్డాక ఆ దారిన రావద్దు. ఎంత దూరమైనా సరే, చుట్టు తిరిగి రండి."

"ఎందుకు మేడమ్?" అంది మైకు.

"కాలు జారి పడితే వాళ్ళ అమ్మానాన్నలకి జవాబెవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

అంతటితో మాట తుంచేసింది.

అసలు సంగతి వీళ్ళకి పాతవాళ్ళు చెప్పారు. కిందటేడు పనికొచ్చిన ఒకబ్బాయి ఆ గట్టున నిలబడి ఇంటికి ఫోన్ చేశాడట. మాట్లాడుతుంటే వాళ్ళమ్మ అడిగింది — "పక్కన ఎవర్రా? నువ్వు మాట్లాడేదానికల్లా ఊఁ అంటున్నారు?"

పక్కన ఎవరూ లేరు.

ఆ అబ్బాయి తెల్లారేదాకా కూడా ఆగలేదు. సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. రావాల్సిన జీతం కూడా అడగలేదు.

ఎవరా ఊఁ కొట్టేది? తలా ఒకటి చెబుతారు. ఈత మాస్టారని ఒకరు. మునిగిపోయిన పిల్లాడని ఒకరు. కిందుండే వంటాయన్ని అడిగితే, "నేను తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించాలమ్మా. దెయ్యాలతో మాట్లాడే తీరిక నాకెక్కడిది?" అన్నాడు.

అక్కకీ తీరిక లేదు. "ఆఁ, ఏముందిలే" అనుకుంది.

అక్క చూసుకునే గదిలో ఒక పిల్ల ఉండేది. మూల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేదని దానికి 'గువ్వ' అని పేరు పెట్టారు. తొమ్మిదేళ్ళుంటాయేమో. మిగతా పిల్లలు కాగితం మీద కాగితం నింపేస్తుంటే, దాని కాగితం మాత్రం ఇచ్చినప్పుడెంత తెల్లగా ఉందో అంత తెల్లగానూ ఉండేది.

"ఏదో ఒకటి రాయమ్మా," అంది అక్క.

"నేను రాయను. చెప్తాను."

"సరే, చెప్పు. వింటాను."

గువ్వ తనని కిందనుంచి పైదాకా చూసింది. "ఊఁ కొడతారా?"

అప్పుడు మెల్లగా బయటపడింది. ఇంట్లో రోజూ రాత్రి కథ చెప్పుకునేవాళ్ళు — గువ్వా, వాళ్ళ నాయనమ్మా. అందరిళ్ళలోలా నాయనమ్మ చెప్పడం కాదు. ఇది చెబితే ఆవిడ ఊఁ కొట్టేది. ఆ ఎండాకాలం మొదట్లోనే ఆవిడ పోయింది. ఇంట్లో ఏడుపులు చూసి పిల్ల బెంగపడిపోతుందని వాళ్ళ నాన్న తెచ్చి ఇక్కడ దింపాడు.

"ఊఁ కొడతాలే, చెప్పు," అంది అక్క. ఆ రాత్రి దాని మంచం మీదే కూర్చుంది. పాత గొడుగు కింద కాపురం పెట్టిన కప్ప కథ మొదలైంది. అక్క ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. పొద్దుటినుంచి పిల్లల వెంట పరిగెత్తిన ఒళ్ళు కదా... నాలుగో ఊఁకి గోడకి చేరగిలబడి నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి గువ్వ అటు తిరిగి పడుకుని ఉంది.

"నాయనమ్మ నాకంటే ముందు ఎప్పుడూ నిద్రపోలేదు," అంది పొద్దున. కోపంగా కూడా కాదు. ఊరికే చెప్పినట్టు.

ఆ తర్వాత కొద్ది రోజులకి గువ్వ మారిపోయింది. కంచం ఖాళీ చేస్తోంది. తోటి పిల్లలతో నవ్వుతోంది. కాకపోతే పగలు కూర్చున్నచోటే జోగుతోంది. అక్క దువ్వెన తీసుకుని జడ వేస్తూ, "ఇవాళ నాకు కథ చెప్తావా?" అని అడిగింది.

"అక్కర్లేదక్కా. నాకు దొరికారు."

"ఎవరు?"

గువ్వ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

ఎవరో స్నేహం కుదిరుంటారులే అనుకుంది అక్క.

ఇక ఆ రాత్రి...

ఉక్కపోతకి మెలకువ వచ్చింది. ఫ్యాను ఆగిపోయి ఉంది. కరెంటు పోయినట్టుంది. బయట గాలి లేదు, వెన్నెల లేదు. అక్క టార్చి తీసి, అలవాటుగా ఒక్కొక్క మంచం మీదా వేసుకుంటూ పోయింది. ఒకటి... ఇంకొకటి... మూల మంచం —

దుప్పటి ఉంది. పిల్ల లేదు.

బాత్రూములు చూసింది. మంచాల కింద చూసింది. వరండా తలుపుకి గడియ తీసి ఉంది.

పక్క గదిలోకి పరిగెత్తి మైకుని తట్టి లేపింది. "గువ్వ లేదే..."

"పెద్ద మేడమ్‌ని లేపుదామా?"

"ముందు చుట్టుపక్కల చూద్దాం పద. ఎంతో దూరం పోయుండదు."

ఇద్దరూ మెట్లు దిగారు. చెప్పులు కూడా వేసుకోలేదు. గులకరాళ్ళు గుచ్చుకుంటున్నా తెలియట్లేదు. హాలు తలుపు చూశారు, తాళం ఉంది. గేటు చూశారు, తాళం ఉంది. ఇక మిగిలింది ఒక్కటే వైపు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

అప్పుడు వినిపించింది.

సన్నగా... చిన్నపిల్ల గొంతు. ఏదో చెబుతోంది. ఆగుతోంది. మళ్ళీ చెబుతోంది.

"అదిగో, గువ్వే!" మైకు పరిగెత్తబోయి... టక్కున ఆగిపోయింది.

ఎందుకంటే ఆ గొంతు ఆగినప్పుడల్లా — మధ్యలో ఇంకొకటి వినిపిస్తోంది.

ఊఁ.

పిల్ల గొంతు కాదు. మగ గొంతు కాదు. బొంగురుగా, లోతుగా, ఎక్కడో నేల కిందనుంచి వచ్చినట్టు...

ఊఁ.

మైకు అక్క చెయ్యి పట్టుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఊరంతా వినిపించే గొంతు, ఆ రాత్రి గాలి కూడా రాకుండా మూగబోయింది.

"నువ్విక్కడే ఉండు," అంది అక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించిందట. "నేను దిగుతాను."

మైకు వద్దన్నట్టు తల ఊపింది. అక్క చెయ్యి విడిపించుకుంది. భయం లేక కాదు. భయపడుతూ నిలబడితే పిల్ల ఏమైపోతుందోనని ఇంకా పెద్ద భయం.

నిచ్చెన కిర్రుమంది.

కథ ఆగిపోయింది.

కాలు కింద ఎండుటాకులు. ఒక్క అడుగు వేస్తే కొలనంతా కరకరమంటోంది. వాలుగా దిగుతున్న నేల... నడుస్తున్న కొద్దీ రెండు వైపులా గోడలు పైకి లేస్తున్నాయి. టార్చి వెలుగు నీలం పలకల మీద జారింది.

లోతు వైపు చివర, గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది గువ్వ. ఒంటరిగా.

దాని తల పక్కనే గోడలో ఒక కన్నం. మనిషి తల పట్టేంత. లోపల వట్టి నలుపు.

"గువ్వా..." గుసగుసగా పిలిచింది అక్క. "రామ్మా. పోదాం."

"కథ సగంలో ఉందక్కా."

"రేపు చెబుదువుగాని."

"సగంలో ఆపితే నాయనమ్మ ఊరుకోదు."

అక్క టార్చి చుట్టూ తిప్పింది. "ఎవరు?"

గువ్వ కన్నం వైపు చూపించింది. భయం లేదు ఆ ముఖంలో. హాయిగా నిద్రపోయి లేచిన పిల్ల ముఖంలా ప్రశాంతంగా ఉంది. "ఇక్కడుంది. నేను చెబితే వింటోంది. చూడు..." అని కన్నంలోకి వంగి, "అప్పుడు ఆ గొడుగు గాలికి ఎగిరిపోయింది," అంది.

నిశ్శబ్దం.

ఊఁ...

కన్నంలోనుంచే. అక్క ముఖానికి గాలి తగిలినంత దగ్గరగా.

పిల్లని ఎత్తుకుని పరిగెత్తుదామనుకుంది. గువ్వేమో గోడని పట్టుకుని కూర్చుంది. లాగితే అరుస్తుంది. అరిస్తే...

"సరే," అంది అక్క. పలకల మీద చతికిలబడింది. "తొందరగా చెప్పెయ్. కప్ప ఏమైంది?"

గువ్వ కాసేపు ఆలోచించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు చివర తెలీదక్కా. చివర ఎప్పుడూ నాయనమ్మే చెప్పేది."

పైన మైకు ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు. కింద ఈ కన్నం. మధ్యలో గొడుగు పోయిన కప్ప.

అక్క గొంతు సవరించుకుంది. ఎలా వచ్చిందో తెలీదు గానీ చెప్పడం మొదలుపెట్టింది. "గొడుగు పోతే పోయిందని కప్ప వానలో తడుచుకుంటూ బయల్దేరింది..."

ఊఁ.

"నడిచి నడిచి... అలసిపోయి... ఒకచోట ఆగి పైకి చూస్తే, చెట్టు మీద గొడుగు. దాని కింద పిట్ట గూడు పెట్టుకుని ఉంది. నాలుగు పిల్లలు."

ఊఁ... ఊఁ.

"నా గొడుగు నాకిచ్చెయ్ అందామనుకుంది. అనలేదు. కిందనే కూర్చుంది. వాన పడుతుంటే పైన పిల్లలు తడవట్లేదు, కింద కప్పా తడవట్లేదు. గొడుగు ఎవరి దగ్గరున్నా గొడుగే కదా అనుకుంది. అయిపోయింది."

చాలాసేపు ఏమీ వినిపించలేదు.

తర్వాత కన్నంలోనుంచి, మెల్లగా, తృప్తిగా —

"బాగుంది. ఇక పోయి పడుకో తల్లీ."

అక్క గువ్వని చంకన వేసుకుని ఆ వాలు ఎలా ఎక్కిందో, ఒంటి చేత్తో నిచ్చెన ఎలా పట్టుకుందో ఇప్పటికీ చెప్పలేదు. మైకు వీళ్ళకంటే ముందే వరండాలో ఉంది.

తెల్లారేదాకా ముగ్గురూ ఒకే మంచం మీద కూర్చున్నారు. గువ్వ ఒక్కతే నిద్రపోయింది.

పొద్దున పెద్ద మేడమ్‌కి చెప్పారు. తిడుతుందనుకున్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేనూ విన్నాను," అంది. "మొదటి ఏడు. గట్టున నిలబడి ఏదో లెక్క గొణుక్కుంటున్నా... ఊఁ అంది. మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. రిటైరైన టీచరుకి మతి పోయిందంటారని."

కాఫీ తెచ్చిన వంటాయన ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏమందన్నారమ్మా? పోయి పడుకో తల్లీ అనా?"

"అవును."

ట్రే బల్ల మీద పెట్టేశాడు. "ఒకసారి నాతో రండి."

వాలు దిగి వంటశాల వెనక్కి తీసుకెళ్ళాడు. ఆయన ఉండే గది. కిటికీ కింద, గోడలోనుంచి బయటికి పొడుచుకొచ్చి ఒక లావుపాటి పైపు. కొలనులో నీళ్ళు వదిలేయడానికి ఎప్పుడో వేసిన పైపు, పైనుంచి నేలలో దిగి ఇక్కడ తేలింది. కిటికీకి ఇవతల మంచం. మంచం మీద, కాళ్ళు పడిపోయి ఎన్నో ఏళ్ళుగా లేవలేని వాళ్ళమ్మ.

"అమ్మా," అన్నాడు వంటాయన నడుం మీద చేతులు పెట్టుకుని. "రాత్రి ఎవరితో మాట్లాడావే?"

అవ్వ దొంగతనం బయటపడ్డ పిల్లలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కప్ప కథ పిల్లలొచ్చారా?"

మైకుకి అప్పుడొచ్చింది గొంతు. "అవ్వా! నువ్వా!" అని అరిచిన అరుపుకి వంటశాలలో గిన్నె కింద పడింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు కొడుకు.

"చెబితే గుడ్డలు కుక్కి పైపు మూసేస్తావని. రాత్రంతా పైకప్పు చూస్తూ పడుండేదాన్ని, ఆ మాత్రం కాలక్షేపం ఉండొద్దట్రా నాకు? ఎవరో ఏదో చెబుతారు. ఊఁ అంటే ఇంకాస్త చెబుతారు. ఒక్కోసారి ఎందుకో పరిగెత్తి పారిపోతారు."

పెద్ద మేడమ్ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. అందరూ నవ్వారు. ఇన్నేళ్ళ దెయ్యం మంచం మీద పడుకుని తనూ నవ్వింది.

గువ్వ ఒక్కతే నవ్వలేదు. మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నువ్వు మా నాయనమ్మవి కాదా?"

అవ్వ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

"కాదమ్మా," అంది అవ్వ. "కానీ నాకు ఊఁ కొట్టడం బాగా వచ్చు."

గువ్వ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. చూసి, మంచమెక్కి, అవ్వ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "ఒక ఊళ్ళో ఒక టోపీ ఉండేది," అని మొదలుపెట్టింది.

"ఊఁ," అంది అవ్వ.

ఆ తర్వాత శిబిరం అయిపోయేదాకా ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం అక్కడే. ఆఖరి సాయంత్రం హాల్లో తన కథ తనే చెప్పింది. హాలంతా ఊఁ కొట్టింది. వాళ్ళ నాన్న వెనక వరసలో నిలబడి రుమాలు తీశాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. అక్క కూడా ఇక్కడ కాసేపు ఆగింది. మంచినీళ్ళు తాగింది. తర్వాత చెప్పింది.

మర్నాడు పిల్లలందరూ వెళ్ళిపోయాక, పెట్టె సర్దుకుని, అవ్వకి చెప్పి వద్దామని అక్క ఒక్కతే కిందికి వెళ్ళింది.

"వెళ్ళొస్తాను అవ్వా."

"మంచిది తల్లీ. ఆ రెండో అమ్మాయి కూడా వెళ్ళిపోతోందా?"

"మైకా? తనూ నాతోనే."

"గట్టి గొంతు పిల్ల కాదమ్మా. దాని మాట పైపు లేకపోయినా వినిపిస్తుంది. ఇంకో అమ్మాయి... మెల్లగా చెబుతుంది చూడు. నీ ఈడు ఉంటుంది."

"అలా ఎవరూ లేరే అవ్వా మాలో. గువ్వ ఒక్కతే కదా కొలనులో కూర్చుని చెప్పింది?"

"గువ్వ మొన్న మొన్న వచ్చింది. నేను చెప్పేది ఎప్పటినుంచో చెబుతున్న పిల్ల సంగతి." అవ్వ కిటికీ వైపు చూసింది. "మీ శిబిరం లేనప్పుడు కూడా చెబుతుంది. వానల్లో, చలిలో... స్కూలుకి తాళం వేసి ఉన్నా సరే. నేను ఊఁ కొట్టడం మొదలుపెట్టింది ఆ పిల్లకే కదా. పాపం, ఎప్పుడు చెప్పినా అదే కథ. ఎప్పుడూ ఒక్క చోటికి వచ్చి ఆగిపోతుంది. తర్వాత ఏమైందే అంటే చెప్పలేదు."

అక్క మంచం పట్టె పట్టుకుంది.

"ఆ రాత్రి మీరు కప్ప కథ చెప్పి వెళ్ళాక వచ్చింది," అంది అవ్వ. "ఆ చివర చెప్పిందెవరు అని అడిగింది. ఇన్నేళ్ళలో నన్ను ఒక మాట అడగడం అదే మొదలు."

"మీరేమన్నారు?"

"సెలవులకి పనికొచ్చిన కాలేజీ పిల్లమ్మా, మళ్ళీ ఇంటికి వెళ్ళిపోతుంది, అన్నాను."

"అంటే ఏమంది?"

"ఇల్లెక్కడ? అంది."

వంటశాలలో పంపు కారుతున్న చప్పుడు. వంటాయన గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పగటి వెలుగు. అయినా అక్క కిటికీకి దూరంగా జరిగింది.

"నాకేం తెలుసు తల్లీ, అన్నాను," అంది అవ్వ. "మళ్ళీ మాట్లాడలేదు. ఆ రాత్రినుంచి పైపులో చడీచప్పుడూ లేదు. అలిగిందో... ఎటైనా పోయిందో."

అక్క చెప్పడం అయిపోయింది.

మేమిద్దరం పెద్దమ్మ వాళ్ళింట్లో, అక్క గదిలో, ఒకే మంచం మీద ఉన్నాం. తను శిబిరం నుంచి వచ్చి వారం కూడా కాలేదు. సెలవులు గడుపుదామని నేను ఆ సాయంత్రమే వచ్చాను. అక్క మామూలుగా దుప్పటి లాక్కుంది.

"ముసలావిడ కదే. మంచం మీద పడుండి పడుండి ఏదో కల కనుంటుంది. ఆఁ, ఏముందిలే. పడుకో."

లైటు ఆర్పేసింది. కాసేపటికే నిద్రపోయింది.

నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో కళ్ళు మూతపడుతుండగా, పక్కనుంచి చిన్న చప్పుడు.

ఊఁ.

ఇటు తిరిగాను. అక్క వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

పెద్దమ్మ అన్న మాట గుర్తొచ్చింది. అన్నాలప్పుడు నవ్వుతూ చెప్పింది — "మీ అక్కకి అక్కడ బాగా పని చెప్పినట్టున్నారే. వచ్చినప్పటినుంచీ రాత్రిళ్ళు నిద్రలో ఒకటే మూలుగు." నేనూ నవ్వి ఊరుకున్నాను.

మూలుగు కాదది.

ఊఁ... అంటుంది. ఆగుతుంది. ఎవరైనా ఒక మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతుంది. మళ్ళీ ఊఁ. ఒక్కోచోట ఎక్కువసేపు ఆగి, ఊపిరి బిగబట్టి... అప్పుడంటుంది. ఆ ఆగినప్పుడు నేను చెవులు రిక్కించి విన్నాను. గదిలో గడియారం తప్ప ఇంకేమీ లేదు.

భరించలేకపోయాను. లేపుదామని భుజం మీద చెయ్యి వేశాను. "అక్కా... అక్కా!"

తను కళ్ళు తెరవలేదు. చీకట్లోనే చెయ్యెత్తి, నా నోటి మీద పెట్టింది. చల్లటి చెయ్యి.

"ఉండవే," అంది నిద్రలోనే. "చివరికొచ్చింది."